ద్రౌపది నవ్విందని ఎవరు చెప్పారు?

నవ్వు నాలుగు విధాల చేటు అంటారు. ఆ నాలుగూ ఏంటని అడిగితే లెక్క చెప్పేవాళ్లు తక్కువ గానీ, ఉదాహరణ మాత్రం అందరి దగ్గరా రెడీగా ఉంటుంది: ద్రౌపది. మయసభలో ఆవిడ నవ్వకపోయి ఉంటే జూదమూ లేదు, వస్త్రాపహరణమూ లేదు, యుద్ధమూ లేదు అని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం కదా.

హబ్సిగూడలో మేం నలుగురం ఉండే ఫ్లాట్లో నెలకోసారైనా ఈ పంచాయితీ నడుస్తుంది. అందరం సాఫ్ట్‌వేరే. ఒకడు కర్ణుడి ఫ్యాను. ఇంకొకడు దుర్యోధనుడి ఫ్యాను, కరెక్టుగా చెప్పాలంటే ఎన్టీఆర్ వేసిన దుర్యోధనుడి ఫ్యాను. మూడోవాడు గేమ్ ఆఫ్ థ్రోన్స్ పిచ్చోడు. 2019లో వచ్చిన ఆఖరి సీజన్లో డెనేరిస్ ఊరు ఊరంతా ఎందుకు తగలబెట్టిందో వాడికి ఇప్పటికీ అరగట్లేదు. వాడి బాధలో న్యాయం ఉంది. మార్టిన్ రాసిన ఐదో పుస్తకం 2011లో వచ్చింది, సీరియల్ అయిపోయేనాటికి ఆరోది రానే లేదు. రచయిత మనసులో ఏముందో చూద్దామంటే చూడ్డానికి పుస్తకమే లేదు. మనది దానికి పూర్తిగా రివర్సు. పుస్తకం వందల ఏళ్లుగా అరలోనే ఉంది, తీసి చూసేవాడే లేడు.

మొన్నొక రాత్రి వాదన ముదిరింది. "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే అని మొహమ్మీద అంటే ఎవడికైనా కాలుతుంది కదా మామా, ముందు గెలికింది ఎవరు?" అని దుర్యోధనుడి ఫ్యాను. "స్వయంవరంలో సూతపుత్రుణ్ణి చేసుకోనని అందరి ముందూ మావాడి పరువు తీసింది, అది కూడా లెక్కేసుకో" అని కర్ణుడి ఫ్యాను. ఇద్దరూ కలిసి తేల్చిందేంటంటే, వస్త్రాపహరణం తప్పే, కానీ...

ఆ "కానీ" దగ్గరే నాకు చిరాకు పుట్టింది. ఈ రెండు డైలాగులూ ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దామని కూర్చున్నా. నేను సంస్కృత పండితుణ్ణేమీ కాదు, బీటెక్ వాణ్ణి. కాకపోతే పాత కోడ్‌లో ఒక లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారో తవ్వడం మనకి రోజూ ఉండే పనే కదా :-)

ముందుగా ఒక మాట. వ్యాసభారతం అనగానే అచ్చంగా ఒకటే పుస్తకం ఉందనుకుంటాం. అలా లేదు. దేశమంతా రకరకాల లిపుల్లో రాతప్రతులు, ఒకదాన్లో ఉన్న శ్లోకం ఇంకోదాన్లో ఉండదు. పుణెలో భండార్కర్ సంస్థ వాళ్లు 1919లో మొదలుపెట్టి 1966 దాకా, అంటే 47 ఏళ్లు కూర్చుని, 1259 రాతప్రతులు పోల్చి సంశోధిత ప్రతి తయారుచేసారు. వి.ఎస్. సుక్తంకర్ అనే ఆయన 1925 నుంచి దానికి ప్రధాన సంపాదకుడు. పాతదని తేలింది పైన వేసారు, తర్వాత చేరిందని తేలింది కింద నోట్సులోకి దింపారు. పారేయలేదు, అది ముఖ్యం. (మా ఫ్లాటుకి పక్కనే ఉన్న ఉస్మానియా వాళ్లూ కవిత్రయ భారతానికి ఇలాంటి పరిష్కృత ముద్రణ వేసారు. తార్నాకలో ఇంతమందిమి ఉన్నాం, ఆ సంగతి తెలిసినవాళ్లు ఎందరో మరి.) మావాళ్లు ఎప్పుడూ "వ్యాసుడే రాసాడు" అంటారు కాబట్టి నేను సంస్కృతం దగ్గరే ఆగాను.

ఇక మయసభ. దుర్యోధనుడు స్ఫటికపు నేలని నీళ్లనుకుని బట్టలు పైకెత్తుకుంటాడు. తర్వాత నిజం నీళ్లని నేలనుకుని అందులో పడతాడు. కథ చెప్పే వైశంపాయనుడి లెక్క ప్రకారం అక్కడ నవ్వింది ఎవరయ్యా అంటే సేవకులు, భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు. అంతే. ద్రౌపది ఆ చోట ఉన్నట్టే లేదు.

అసలు మజా దీని తర్వాత ఉంది. ఇంటికెళ్లే దారిలో దుర్యోధనుడు శకుని దగ్గర ఏడుస్తాడు. దేనికి? ధర్మరాజు సంపద చూసి. భూమంతా వాడి కిందకి వచ్చింది, రాజులంతా కప్పం తెచ్చి పోసారు, నేను నిప్పులో దూకుతా, విషం తాగుతా, నీళ్లలో పడతా అంటాడు. అంత పెద్ద ఏడుపులో నవ్వు సంగతి ఒక్క ముక్క వస్తుంది, అది కూడా కాపలావాళ్లు నవ్వారని.

తర్వాత హస్తినలో తండ్రి ముందు ఇదే కథ ఇంకోసారి చెప్తాడు. ఈసారి నవ్వినవాళ్ల జాబితా మారిపోయింది. కృష్ణుడు అర్జునుడితో కలిసి గట్టిగా నవ్వాడు, ఆడవాళ్లతో కలిసి ద్రౌపదీ నవ్వింది అంటాడు. ద్రౌపది నవ్వు పుట్టింది ఇక్కడ, దుర్యోధనుడి నోట్లో.

ఒక చిన్న చిక్కుంది. రాజసూయం అయిపోగానే కృష్ణుడు ద్వారకకి వెళ్లిపోయాడనీ, ఆయన వెళ్లాకే దుర్యోధనుడూ శకునీ ఆ సభలో ఉండిపోయారనీ అదే పర్వంలో కాస్త ముందు స్పష్టంగా ఉంది. మరి ద్వారకలో ఉన్న మనిషి ఇంద్రప్రస్థంలో ఎలా నవ్వాడు? సర్వర్ లాగ్‌లో లేని సంగతి కస్టమర్ కంప్లైంటులో ఉంటే మనం ఏం చేస్తాం? పైగా ఆ కంప్లైంటు ఎందుకు పెట్టాడో కూడా తెలుస్తూనే ఉంది. ముసలాయన జూదానికి వెంటనే ఒప్పుకోవట్లేదు, విదుర్ని అడగాలి అంటున్నాడు. ఆయన్ని కదిలించాలి. వ్యాసుడు దీన్ని కావాలనే ఇలా రాసాడో, ప్రతులు కలిసిపోయి ఇలా అయిందో పండితులు చూసుకుంటారు. నాకు మాత్రం కోర్టులో నిలబడే సాక్ష్యంలా అనిపించలేదు.

గుడ్డివాడి కొడుకు అన్న మాటైతే ద్రౌపది నోట అసలు లేదు. దాని విత్తనం ఎక్కడుందో అనిపించింది చెప్తాను. కె.ఎం. గంగూలీ 1883-96 మధ్య చేసిన ఇంగ్లీషు అనువాదం ఉంది కదా, ఇంటర్నెట్లో అందరూ చదివేది. అందులో దుర్యోధనుడి ఫిర్యాదులో భీముడు నవ్వుతూ తనని ధృతరాష్ట్రుడి కొడుకా అని పిలిచి, తలుపు ఇటుందని చూపించాడని వస్తుంది. చూడండి, భీముడి నోట్లోది ద్రౌపది నోట్లోకి పోయింది, ధృతరాష్ట్రుడి కొడుకు కాస్తా గుడ్డివాడి కొడుకయ్యాడు.

ఇక మన సినిమా. దానవీరశూరకర్ణ, 1977 సంక్రాంతి. దర్శకుడు ఎన్టీఆర్, కృష్ణుడూ కర్ణుడూ దుర్యోధనుడూ కూడా ఆయనే. అదే రోజు కృష్ణ నటించిన కురుక్షేత్రం కూడా రిలీజైంది, ఏది నిలబడిందో చెప్పక్కర్లేదు. కొండవీటి వెంకటకవి గారి మాటలు తెలుగువాడి నాలుక మీద ఎంతగా కూర్చున్నాయంటే, కాలేజీ వార్షికోత్సవం అంటే మయసభ ఏకపాత్రాభినయం ఉండాల్సిందే. మా కాలేజీలో వరసగా నాలుగేళ్లు చూసాను, నలుగురూ మెకానికల్ వాళ్లే! అది గొప్ప రచన, నాకేం సందేహం లేదు. కానీ ఆ ఏకపాత్రాభినయంలో స్టేజీ మీద ఎవరుంటారో గమనించారా? దుర్యోధనుడొక్కడే. పాంచాలి నవ్విందన్న సంగతి మనకి అతనే చెప్తాడు, అతనే మండిపడతాడు, అతనే తీర్పిస్తాడు. సభాపర్వంలో తండ్రి ముందు పెట్టిన ఫిర్యాదు ఇదే. ఈసారి ధృతరాష్ట్రుడి సీట్లో మనం కూర్చున్నాం. ఆయనలాగే మనమూ ఒప్పేసుకున్నాం.

తర్వాత టీవీ. బి.ఆర్. చోప్రా మహాభారత్ 1988 అక్టోబర్ 2న మొదలై 1990 జూన్ 24 దాకా, 94 భాగాలు. స్క్రిప్టు రాహీ మాసూమ్ రజా. నేను పుట్టకముందు సంగతి, కానీ 2020 లాక్‌డౌన్లో దూరదర్శన్ మళ్లీ వేసినప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసాం. ఏకపాత్రాభినయంలో దుర్యోధనుడు చెప్తే విన్నాం. టీవీలో ద్రౌపదే నవ్వుతూ కనపడుతుంది, ఆ గుడ్డివాడి కొడుకు మాట స్వయంగా ఆవిడే అంటుంది. కంప్లైంటు కాస్తా లాగ్ అయి కూర్చుంది! ఒకసారి కళ్లతో చూసాక ఇంక ఎవడు నమ్మడు చెప్పండి. (శకుని పాచికలు వాళ్ల నాన్న ఎముకలతో చేసినవి అన్నది కూడా ఇలాంటిదే. మనకి 1966 శ్రీకృష్ణ పాండవీయంలో ధూళిపాళ గారి వల్ల బాగా ఎక్కింది. సభాపర్వంలో చూస్తే శకుని తండ్రి సుబలుడు రాజసూయానికి బతికుండి, చక్కగా అతిథిగా వచ్చాడు.)

ఇదంతా నేను ఫ్లాట్లో చెప్తుంటే, కర్ణుడి ఫ్యాను వాళ్ల చెల్లెలు ఆ రోజు అక్కడే ఉంది. ఓయూలో ఎమ్మే తెలుగు చదువుతోంది. కాసేపు విని, "ఆమె నవ్వలేదని రుజువు చేస్తే సరిపోతుందా అన్నా? నవ్వే ఉంటే? భీముడు నవ్వాడని మీ పుస్తకమే చెప్తోందిగా, యుద్ధం భీముడి నవ్వు వల్ల వచ్చిందని ఎవరైనా సామెత కట్టారా?" అంది. మావాళ్ల సంగతి వదిలేయండి, నా దగ్గరా జవాబు లేదు. నేను చేసిన ఆ తవ్వకమంతా కంటే ఆ ప్రశ్నే పెద్దది.

మిగిలింది కర్ణుడు. స్వయంవరంలో సూతుణ్ణి వరించను అన్న మాట గంగూలీ అనువాదంలో ఉంది, కాబట్టి టీవీ వాళ్లు గాల్లోంచి తేలేదు. కానీ పుణె వాళ్లు దాన్ని కిందకి దింపేసారు, పాత ప్రతుల్లో అది నిలవలేదు. కొన్ని ప్రతుల్లో కర్ణుడు వెంట్రుకవాసిలో గురి తప్పినట్టు ఉంది, అంటే ఆవిడ కాదనే అవసరమే రాలేదు. చోప్రా సీరియల్లో ఈ తిరస్కారం, మయసభ మాట రెండూ వరసగా వస్తాయి. రెండు కారణాలూ ఒకే మనిషి నోట్లోంచి. జూదసభ దగ్గరికి వచ్చేసరికి చూసేవాడి బుర్రలో లెక్క సరిపోయి ఉంటుంది. కథ రాసేవాడికి ఇది సుఖం, ప్రతి పనికీ ముందో కారణం ఉండాలి కదా. చోప్రా వాళ్లని పూర్తిగా అనడానికీ లేదు, జూదసభలో రూపా గంగూలీ అడిగిన తీరు ఇప్పటికీ వెన్నులో వణుకు పుట్టిస్తుంది.

ఆ సభలో ద్రౌపది నిజంగా అన్న మాటలు సభాపర్వంలో బోలెడు ఉన్నాయి. తనని తాను ముందు ఓడిపోయినవాడికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది అని అడిగింది. న్యాయశాస్త్రం ప్రశ్న. భీష్ముడు ధర్మం సూక్ష్మం అని తప్పుకున్నాడు. కౌరవుల్లో వికర్ణుడొక్కడు లేచి ఆమె గెలవబడలేదు అన్నాడు. వాణ్ణి చిన్నపిల్లాడివి నీకేం తెలుసని నోరు మూయించింది కర్ణుడు. పాండవుల బట్టలూ ద్రౌపది బట్టలూ తీయించమని దుశ్శాసనుడికి చెప్పిందీ కర్ణుడే. పాండవులు వాళ్లంతట వాళ్లే పైబట్టలు తీసి పడేసి కూర్చున్నారు.

ఎందుకలా చేసాడన్నదానికి మా ఫ్లాట్లో స్వయంవరం, అవమానం, పాత ప్రేమ అంటూ చాలా సిద్ధాంతాలున్నాయి. ఉద్యోగపర్వంలో కృష్ణుడు ఒంటరిగా కలిసినప్పుడు కర్ణుడే తన సంగతి చెప్పుకుంటాడు. పాండవుల్ని ఆ రోజు అన్న కటువు మాటలన్నీ దుర్యోధనుడి మెప్పు కోసం అన్నాను, దానికిప్పుడు కుమిలిపోతున్నాను అంటాడు. స్వయంవరం ఊసే ఎత్తడు.