నాలుక నుంచి చెవికి: పటాన్‌చెరు ప్రాంతంలో వినికిడి లోపం ఉన్న పిల్లల పెంపకం

గత పాఠంలో సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం ఏర్పడిన తీరు చదివారు. 1960 దశకంలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం, 1972లో ఇక్రిశాట్, ఆ తరవాత పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు వచ్చాయి. వాటి చుట్టూ పెరిగిన కార్మిక బస్తీల గురించి రాసినవారు ఎక్కువగా జీతాలు, సమ్మెలు, నక్కవాగు కాలుష్యం గురించే రాశారు. ఈ పాఠంలో ఆ బస్తీల ఇళ్ళలోకి వెళ్దాం. పుట్టుకతో చెవులు వినిపించని బిడ్డను పెంచడం అనే పని ఎలా మారుతూ వచ్చిందో పరిశీలిద్దాం.

తెలుగు ఇళ్ళలో పసిబిడ్డ నాలుకకు వసకొమ్ము అరగదీసి రాయడం పాత అలవాటు. మాట త్వరగా, స్పష్టంగా వస్తుందని నమ్మకం. గలగలా మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అనడం మీరు వినే ఉంటారు. ఈ ఆచారంలో ఒక భావన ఇమిడి ఉంది: మాట పుట్టేది నాలుక మీద. అందుకే రెండేళ్ళు దాటినా బిడ్డకు మాట రాకపోతే పెద్దలు నాలుక సంగతే ఆలోచించేవారు. మగపిల్లలకు ఆలస్యమని, మేనమామకూ మూడేళ్ళకే వచ్చిందని సర్దిచెప్పేవారు. గుడికో దర్గాకో మొక్కుకునేవారు. పళ్ళెం మీద గరిటెతో కొడితే తల తిప్పాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకునేవారు. పెద్ద చప్పుడుకు తల తిప్పే బిడ్డకు మామూలు మాట వినపడకపోవచ్చు; ఒక్కోసారి తల తిప్పించేది గరిటె చప్పుడు కాదు, దాని కదలిక.

దీన్ని పల్లెటూరి అమాయకత్వమని తీసిపారేయకండి. 1880 దశకంలో బొంబాయిలో మొదలైన బధిరుల పాఠశాల పేరులోనే ‘చెవిటి’, ‘మూగ’ అనే రెండు మాటలూ జంటగా ఉన్నాయి. మన ప్రభుత్వ పత్రాల్లో కూడా ఆ జంట చాలాకాలం విడిపోలేదు. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ సంజ్ఞలను పక్కనపెట్టి పెదవులతో పలికించడమే మేలని తీర్మానించింది. అంటే చదువుకున్న పండితులు కూడా నాలుకనే పట్టుకు కూర్చున్నారు. సంజ్ఞా భాషలకు సొంత నిర్మాణం ఉందని విలియం స్టోకో 1960లో చూపించేదాకా ఆ పట్టు సడలలేదు. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలో ప్రత్యేక పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది 2015లో.

ఇక ప్రభుత్వ సహాయం సంగతి. తేదీల కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆ సహాయం బిడ్డకు ఏ వయస్సులో అందుతోంది? హైదరాబాదు మలక్‌పేటలోని బధిరుల ఆశ్రమ పాఠశాల వంటివి బడి ఈడు పిల్లలకోసం ఉన్నవి. 1981లో వచ్చిన ఏడిప్ పథకం ఉపకరణాలు ఇచ్చింది. మెడలో చిన్న పెట్టె వేలాడుతూ, దాని నుంచి చెవికి తీగ వెళ్ళే పాతకాలపు మిషన్లు మీలో కొందరికి గుర్తుండవచ్చు. 1983లో బొంబాయిలో వినికిడి లోపానికి జాతీయ సంస్థ ఏర్పడింది. దానికి ఉస్మానియా విశ్వవిద్యాలయ మాజీ ఉపాధ్యక్షుడు, హైదరాబాదీ అయిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో మనోవికాస్ నగర్‌లో ఉంది. 1995 చట్టం మెరుగైన చెవిలో 60 డెసిబెల్స్, అంతకుమించిన లోపాన్ని వైకల్యంగా గుర్తించింది. కానీ ధ్రువీకరణ పత్రం కోసం వచ్చే పిల్లల్లో చాలామందికి అప్పటికే మాటలు నేర్చే ఈడు దాటిపోయేది.

ఆ ఈడు ఎంత విలువైనదో 1998లో అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం చూపింది. ఆరు నెలలలోపు లోపాన్ని గుర్తించి సాయం మొదలుపెట్టిన పిల్లల భాష, ఆలస్యంగా గుర్తించినవారి భాషకంటే స్పష్టంగా మెరుగ్గా ఉంది. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సాయం అనే లెక్క ఇప్పుడు ప్రపంచమంతటా ఆదర్శంగా ఉంది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చిన్నపిల్లల పరీక్షల్లో వినికిడిని చేర్చింది. బిడ్డ నిద్రలో ఉండగా తలకు తీగలు అతికించి చేసే బేరా పరీక్షకు బిడ్డ జవాబు చెప్పనక్కర్లేదు. గరిటె అవసరం అక్కడితో తీరిపోయింది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, కాక్లియర్ ఇంప్లాంట్‌కు ఒక్కో బిడ్డకు 6.50 లక్షల రూపాయల దాకా భరించింది. 2014లో సవరించిన ఏడిప్ ఏటా 500 మంది పిల్లలకు ఆ అవకాశం కల్పించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఈ శస్త్రచికిత్స జరుగుతుంది. ఇది చిన్న విజయం కాదు. అయితే పత్రికల్లో ఫొటో పడేది శస్త్రచికిత్స రోజే. పరికరాన్ని పనిచేయించడం ఆ తరవాత కొన్ని వారాలకు మొదలవుతుంది. అప్పటినుంచి బిడ్డ వయస్సు మళ్ళీ సున్నా నుంచి లెక్కపెట్టాలి. ప్రతి శబ్దానికీ అర్థం ఉందని నేర్పేది ఇంట్లో అమ్మే: కుళాయి తిప్పి, కుక్కర్ ఈల చూపి, అదే మాట రోజుకు ఇరవైసార్లు అని. చెవి మిషన్ పెట్టుకున్న బిడ్డకైతే చెవి పెరిగే కొద్దీ అచ్చు మార్చాలి. వానాకాలంలో తేమ తగలకుండా చూడాలి. సంగారెడ్డి నుంచి కోఠికి సుమారు 60 కిలోమీటర్లు. కాంట్రాక్టు కార్మికుడికి సెలవు అంటే ఆనాటి కూలి పోవడమే.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కుటుంబానికి రేషన్ కార్డు సొంత ఊళ్ళో ఉంటుంది. ఆరోగ్యశ్రీ అర్హత ఈ రాష్ట్రపు కార్డుతో ముడిపడి ఉంది. శిక్షకురాలు తెలుగులో చెబుతుంది, తల్లికి ఒడియా వచ్చు. తెలుగులోనే మాట్లాడమని తొందరపెడితే, వచ్చీరాని భాషలో ఆ తల్లి తక్కువ మాట్లాడుతుంది. తనకు బాగా వచ్చిన భాషలో, కావాలంటే సంజ్ఞలు కలిపి, ఎక్కువ మాట్లాడమనడమే సరైన సలహా. సంజ్ఞలు నేర్పితే మాట రాదన్న మిలాన్ నాటి భయం మన శిక్షణ గదుల్లో ఇంకా పోలేదు. అది పోవలసిందే అని నా అభిప్రాయం.

విద్యార్థులు తరచు చేసే ఒక పొరపాటు చెప్పాలి. కర్మాగారాల మోతకూ పిల్లల పుట్టు చెవుడుకూ ముడిపెట్టకండి. మోత వల్ల వినికిడి పోవడం కార్మికుల వ్యాధి. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో దానికి స్థానం కల్పించారు. పుట్టుకతో వచ్చే లోపానికి కారణాలు వేరు: వంశపారంపర్యం (మేనరికాల్లో ఇది ఎక్కువ), గర్భిణికి రుబెల్లా, నెలలు నిండని కాన్పు, పుట్టగానే వచ్చే తీవ్రమైన కామెర్లు. తెలంగాణలో 2017 ఆగస్టులో జరిగిన తట్టు–రుబెల్లా టీకాల కార్యక్రమాన్ని కూడా ఈ చరిత్రలో భాగంగానే చూడాలి.

అభ్యాసం: మీ ఊరి అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడండి. బిడ్డ వినడం లేదని మొదట గమనించింది ఎవరు, అప్పటికి బిడ్డ వయస్సు ఎంత, బేరా పరీక్ష జరిగిన నాటికి ఎంత అన్నవి పేర్లు లేకుండా నమోదు చేయండి. మొదటి రెండు వయస్సుల మధ్య ఎన్ని నెలలు గడిచాయో, ఆ నెలల్లో ఇంట్లో ఏం చేశారో ఒక పుటలో రాయండి.