వీరాస్వామయ్యగారి జాబులును మా యింటి జాబులకట్టయు

దూరమున నున్నవానిని పిలుచునపుడు వాక్యాంతమునందలి యచ్చునకు పాణినిమహర్షి అష్టాధ్యాయి యెనిమిదవ యధ్యాయమున ప్లుతమును విధించెను. పొలముగట్టున నిలిచి ఆవలిగట్టువానిని కేకవేయు ప్రతివాడును ఈ సూత్రమును చదువకయే పాటించుచున్నాడు. అయితే ఆ పిలువబడువాడు కేక వినరానంత దూరమున నున్నచో జాబు వ్రాయవలసినదే కదా. జాబునందు మూడంకె వేసి ప్లుతమును చూపువా డెవ్వడును లేడు. అట్టిచో ఆ పిలుపు ఏ రూపమున నిలుచునను సందేహము నన్ను చాలకాలము వెంటాడినది. పాతజాబులను చరిత్రకారులు ధరవరలకొఱకును, తేదీలకొఱకును చూచెదరు. నేను వానిని ఈ సందేహముతో చూచితిని.

తెలుగువారికి మిక్కిలి ప్రసిద్ధములైన జాబులు ఏనుగుల వీరాస్వామయ్యగారివి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రీటరు పదవియందుండిన ఆయన 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల పట్టణము చేరిరి. పోవునపుడు తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా పోయిరి. వచ్చునపుడు కలకత్తా, జగన్నాథములు చూచుకొని సముద్రతీరపు దారిని నెల్లూరు మీదుగా వచ్చిరి. నేను నివసించు కొండాపురము నెల్లూరుజిల్లా మెట్టసీమలో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములదగు పల్లె. ఆయన పోవునపుడు వెలిగొండలకు పడమటగాను, వచ్చునపుడు మాకు తూర్పుగాను సాగిపోయిరి. ఇంత పెద్ద ప్రదక్షిణములో మా యూరు తగులకపోయెనే యని బాల్యమున నాకు కొంత కినుకగా నుండెడిది.

ఆ యాత్రాగ్రంథమును భూగోళమని, ఆర్థికచరిత్రమని, ఆచారవ్యవహారముల గనియని విమర్శకులు కొనియాడిరి. అన్నియు యథార్థములే. కాని ఆ గ్రంథము పుట్టుటకు హేతువు ఒక స్నేహితుని కోరిక. దారిలో చూచినవానినెల్ల వ్రాసి పంపవలసినదని కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ళెగా రడుగగా, వీరాస్వామయ్యగారు ఎప్పటికప్పుడు వ్రాసి పంపుచు వచ్చిరి. 1836లో వీరాస్వామయ్యగారు గతించిరి. పిళ్ళెగారు ఆ వ్రాతలను పాఱవేయక, 1838లో అచ్చువేయించిరి. 1869లో రెండవకూర్పు వెడలెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు విపులమైన వివరణములతో మరల ప్రకటించిరి. నేడు మనము చదువునది ఆ స్నేహితుడు దాచిపెట్టిన కట్ట.

ఈ దృష్టితో చదివినచో గ్రంథము మఱియొక రీతిని కానవచ్చును. ఏ యూర నీరు మంచిది, ఎచట బసకు సత్రమున్నది, ఎచట నీడ యున్నది, ఏ యంగడిలో కావలసిన సామానులు దొరకును, ఏ యేరు దాటుట కష్టము, ఇట్టివి మజిలీ మజిలీకిని కలవు. ఇవి దొరతనమువారికి పంపు నివేదికలోని సంగతులు కావు. రేపు నీవును ఈ దారిని వచ్చినచో ఇబ్బంది పడకుమని చెప్పు మాటలని నా తలంపు. పగలెల్ల ప్రయాణము చేసి యలసినవాడు దీపము పెట్టుకొని బావినీటి రుచి యెట్టిదో వ్రాయుటకు కూర్చుండెననగా, చదువువాడు ఆతనికి కన్నులయెదుట నుండి యుండవలెను. పిళ్ళెగారు వ్రాసిన ప్రత్యుత్తరములు మాత్రము గ్రంథమున లేవు. రోమకదేశమున సిసెరో తన మిత్రుడగు అట్టికసునకు వ్రాసిన జాబులు పదునాఱు సంపుటములుగా నిలిచినవి గాని, అట్టికసు వ్రాసినవి నశించినవి. స్నేహచరిత్రలో సగము పుటలు ఎల్లచోటులను ఇట్లే పోవుచుండును.

బ్రౌనుదొర 1852లో ప్రకటించిన తెలుగు రీడరునందు స్వంతజాబులును, వ్యవహారపు జాబులును, పోలీసు రెవిన్యూ కాగితములును గలవు. ఇంగ్లీషుదొరలకు తెలుగుజాబు చదువుట నేర్పుటయే ఆయన యుద్దేశము. పండితులు చిన్నచూపు చూచిన వాడుకమాటలు ఆయన పనికి గావలసివచ్చినవి గావున, అవి అచ్చులో నిలిచినవి. తరువాత ఆఱేండ్లకే, 1858లో, చిన్నయసూరిగారి బాలవ్యాకరణము వెలువడెను. నేను సంస్కృతవ్యాకరణముతోపాటు ఆ బాలవ్యాకరణమును గూడ కంఠస్థము చేసినవాడను. అందులకు నాకు విచారము లేదు. విచారము వేఱొకటి కలదు.

మా యింటి యటుకమీద ఒక జాబులకట్ట యుండెను. పూర్వము ఇంటింట వంచిన ఇనుపతీగ నొకదానిని దూలమునకు వ్రేలాడగట్టి, వచ్చిన జాబులను దానికి గ్రుచ్చుచుండెడివారు. తీగ నిండినపుడు దింపి, కట్టగట్టి అటుకమీద వేసెడివారు. శుభవార్త జాబునకు నాలుగుమూలల పసుపు పూసెడివారు. అశుభవార్త జాబును చదివిన వెంటనే చింపివేసెడివారు, ఇంట నుంచుకొనరు. కావున మన కట్టలలో చావులు దొరకవు. ఉన్న జాబులనుబట్టి ఒక వంశచరిత్రము వ్రాయబూనిన వానికి ఆ వంశమున నెవ్వరును మరణింపలేదని తోచును!

మా తాతగారికి ఆత్మకూరు ప్రాంతమున బాల్యస్నేహితు డొకడు గలడు. ఇరువురును ఒకచోట చదివినవారు. ఆయన వ్రాసిన కార్డులే కట్టలో మిక్కుటము. ప్రతికార్డును బ్రహ్మశ్రీతో మొదలై, సాష్టాంగనమస్కారములు జరిగి, ఉభయకుశలోపరికి దిగును. అంతవఱకు ఎవరు ఎవరికి వ్రాసినను అంతే. వ్రాయనేరనివారు సయితము కరణముచేతనో పంతులుచేతనో ఆ వాక్యములనే వ్రాయించెడివారు. సంగతులు స్వల్పములు: ఆవు ఈనినది, జొన్న వెన్ను వేసినది, తీసికొనిపోయిన పుస్తకము పంపలేదేమి, పండుగకు రాక మోసపుచ్చితివి. చోటు చాలక, అంచువెంట కార్డును త్రిప్పి త్రిప్పి వ్రాసిన రెండు మూడు పంక్తులుండును. ఆ యంచుననే ఆయన బ్రహ్మశ్రీని విడిచి, మా తాతగారిని ఒరే యని పిలుచును. అట్లు పిలుచునపుడు ‘ఒరే’ అని వ్రాసి, దానిప్రక్కన ‘ఏ’ యను అక్షరమును వేఱుగా వ్రాయును.

నేను వ్యాకరణము చదివి ఇంటికి వచ్చిన క్రొత్తలో ఆ కట్ట నా చేతబడెను. ఎఱ్ఱసిరా గల కలముతో కూర్చుండి, గ్రామ్యములను దిద్దితిని, వర్ణక్రమదోషములను సరిచేసితిని. పుత్రసమానుడనైన నేను పెద్దల జాబులను దిద్దుట తగునా యను శంక నాడు పుట్టలేదు. ‘ఒరే’ తరువాతి ‘ఏ’ యను అక్షరమును అధికాక్షరదోషమని కొట్టివేసితిని. ఒకటి రెండుచోటుల ‘ఒరే’ నే కొట్టివేసి, పైని ‘మిత్రమా’ యని వ్రాసితిని.

అటుపిమ్మట ఎన్నో యేండ్లకు పిల్లలకు ప్లుతప్రకరణము బోధించుచుండగా ఆ యక్షరము జ్ఞప్తికి వచ్చినది. ఆత్మకూరినుండి కొండాపురము కేక వినబడు దూరము గాదు. ఆయన సూత్రము నెఱుగడు, మూడంకె వేయుట యెఱుగడు. పిలుపు సాగుటకు తనకు తెలిసిన గుర్తును తాను వేసికొనెను. ఉన్నది యున్నట్లు చదువక నేను దానిని దోషముగా గ్రహించితిని.

ఇప్పుడు ఆ కార్డులకు ప్రతి వ్రాయుచున్నాను. తప్పులనుగూడ తప్పులుగనే యెత్తి వ్రాయుచున్నాను. నా యెఱ్ఱగీతక్రింద పాతయక్షరము కనబడినంతవఱకు దానిని తిరిగి తన చోట నుంచితిని. రెండు కార్డులలో సిరా పీల్చి కాగితము చివికినది, దీపమునకు అడ్డముగా పట్టి చూచినను అక్షరము తెలియదు. అచ్చోటుల ప్రతిలో ఖాళీ విడిచి, కొట్టివేసినది నేనేయని ప్రక్కన వ్రాసితిని.