ఓల్డ్ అంటే పాతా, ముసలా, పెద్దా?

ఇవాళ టాపిక్ ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట: ఓల్డ్.

చిన్న మాటే. కానీ తెలుగులోకి తేవాలంటే ఒక్క మాట చాలదు. చొక్కా ఓల్డ్ అయితే పాతది. మనిషి ఓల్డ్ అయితే ముసలాయన. ఓల్డ్ స్టూడెంట్ అంటే పూర్వ విద్యార్థి, వాడికి ఇరవై రెండేళ్లే ఉండొచ్చు. మూడేళ్ల గుంటడిని కూడా "హౌ ఓల్డ్ ఆర్ యూ" అంటారు. అక్కడ ముసలితనం ఊసే లేదు, వయసెంత అని అంతే. మన రాజాం సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక విజయనగరం జిల్లాలో కలిశాం. శ్రీకాకుళం మన ఓల్డ్ జిల్లా. ఆ జిల్లా పాతబడిపోయిందని కాదు కదా! అది మన ఇదివరకటి జిల్లా అని.

ఇప్పుడు హిస్టరీకి వద్దాం. 1757 జనవరి 24, బొబ్బిలి యుద్ధం. ఒకపక్క విజయనగరం విజయరామరాజు, ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు. ఇంకోపక్క బొబ్బిలి రంగారావు. తాండ్ర పాపారాయుడు అప్పుడున్నది మన రాజాంలోనే. ఆయన వచ్చేలోపే కోట పడిపోయింది.

రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లిష్ చరిత్రకారుడు 1778లో వచ్చిన తన పుస్తకంలో ఈ యుద్ధం గురించి రాశాడు. అంతా అయిపోయాక ఒక "ఓల్డ్ మ్యాన్" ఒక పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడట. ఆ పిల్లాడు రంగారావు కొడుకు. కోటలో ఆడవాళ్లు, పిల్లలు ఎవరూ శత్రువు చేతికి ప్రాణాలతో చిక్కకూడదన్నది తండ్రి పట్టుదల. ఈయన ఆ మాట కాదని పిల్లాణ్ణి బతికించాడు. ఆ పిల్లాడే తర్వాత బొబ్బిలికి జమీందారు అయ్యాడు.

మరి ఆ ఓల్డ్ మ్యాన్‌ని తెలుగులో ఏమనాలి? ముసలివాడు అంటే తప్పేం కాదు. కానీ ఆ మాటలో వయసు ఒక్కటే కనిపిస్తుంది, చేసిన పని కనిపించదు. మన ఊళ్లో అలాంటి మనిషిని పెద్దాయన అంటారు.

ఇక్కడ ఒక ఇంట్రెస్టింగ్ విషయం ఉంది. ఓల్డ్ అనే మాట పుట్టిన మూలానికి అర్థం "పెరగడం". మన "పెద్ద", "పెరుగు" కూడా ఒకే మూలం నుంచి వచ్చినవే. అంటే రెండు భాషలూ వయసుని అరిగిపోవడంగా కాదు, ఎదగడంగానే చూశాయి. ఓల్డ్‌కి పాత కంటే, ముసలి కంటే, పెద్ద అన్న మాటే దగ్గరి చుట్టం.

కాబట్టి ఈసారి ఓల్డ్ కనిపిస్తే, ఫోన్ ఇచ్చిన మొదటి మాటతో ఆగిపోకండి. అక్కడ ఎవరున్నారో చూసి మాట ఎంచుకోండి. మళ్లీ కలుద్దాం!