డాబా అందరిదీ... మైదానం ఎవరిది?

మొన్న మా అపార్ట్‌మెంట్ డాబా మీద పెద్ద రభస. వడియాలు ఎండబెట్టుకున్నావిడకీ, అక్కడే బంతాడుకునే పిల్లల తల్లికీ మాటా మాటా పెరిగింది. "డాబా అందరిదీనండీ!" అని ఆవిడా అంది, ఈవిడా అంది. ఇద్దరి మాటా నిజమే. తగవంతా అక్కడే ఉంది!

నూట నలభై ఏళ్ళ కిందట బొంబాయిలోనూ ఇలాంటి తగవే వచ్చింది. అక్కడ కోట ముందు ఎస్‌ప్లనేడ్ అని పెద్ద మైదానం ఉండేది. దొరలాట చూసి పార్శీ కుర్రాళ్ళు క్రికెట్ నేర్చుకుని, 1848లో క్లబ్బు కూడా పెట్టుకున్నారు. తర్వాత హిందువులూ, ముస్లింలూ అందుకున్నారు. 1875లో దొరలు బాంబే జింఖానా స్థాపించి, మైదానంలో తమ భాగానికి గిరి గీసుకున్నారు. అందులోకి మనవాళ్ళకి ప్రవేశం లేదు.

పోనీ, అంతటితో ఊరుకున్నారా? తమ గడ్డి భద్రంగా ఉంచుకుని, మనవాళ్ళు క్రికెట్ ఆడుకునే చోట గుర్రాలెక్కి పోలో ఆడసాగారు! పోలో ముగిసేది గాని, గుర్రపు డెక్కలు చేసిన గుంటలు పోవుగా! వాటిలో పడ్డ బంతి ఎవరి ముక్కు మీదికి లేస్తుందో ఆ దేవుడికే ఎరుక.

1881లో షాపూర్జీ సొరాబ్జీ అనే పార్శీ పెద్దమనిషి ముందు నిలబడి సర్కారుకి అర్జీ పెట్టించాడు. గుర్రాలున్న కొద్దిమంది సరదా కోసం వందలమంది ఆట చెడాలా? ఇదీ ప్రశ్న. సర్కారు పోలోని కూపరేజ్ మైదానానికి పొమ్మంది. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. దొరలు మళ్ళీ మొరపెట్టుకున్నారు, గుర్రాలు మళ్ళీ వచ్చాయి! సొరాబ్జీ ఈ గోడంతా 1897లో పుస్తకంగా అచ్చేయించాడు.

చివరికి సముద్రపొడ్డున పార్శీలకీ, ముస్లింలకీ, హిందువులకీ ఎవరి జింఖానా వారికి ఏర్పడింది. తగవు తీరిందనే అనుకుందాం. కాని ఒకే మైదానంలో పక్కపక్కన ఆడినవాళ్ళు ఎవరి గోడలోపల వాళ్ళయ్యారు. ఆ గోడల లోపల మళ్ళీ గోడలు! పూనాలో పల్వంకర్ బాలూ బంతి వేస్తే అంతా చప్పట్లు కొట్టేవారు. టీ వేళకి మాత్రం దళితుడని బయటే, మట్టి ముంతలో ఇచ్చేవారు.

మనవాళ్ళు సభ్యులు కాలేని ఆ బాంబే జింఖానా మైదానంలోనే 1926లో ఒక తెలుగింటి బిడ్డ 11 సిక్సర్లతో 153 పరుగులు బాదాడు. ఆయనే సి.కె. నాయుడు. మన గడ్డ మీద తొలి టెస్టు 1933లో జరిగిందీ అక్కడే, కెప్టెన్ కూడా ఆయనే. గోడకి ఇంతకన్నా మంచి జవాబుంటుందా?

ఇంతకీ మా డాబా మాట. గోడ కడదామన్నారు కొందరు. వద్దన్నాం. ఎండ ఉన్నంతసేపూ వడియాలు, పొద్దు వాలాక బంతి అని నిర్ణయించాం. నిన్న సాయంత్రం వడియాల చాప ఎత్తింది ఎవరనుకున్నారు? ఆ బంతాట పిల్లలే!