ఉద్యోగ గోప్యత, ప్రయోజనాల వైరుధ్యం

కొలువులో ఉండగా తెలిసిన ఖాతాదారుల వివరాలు, ధరలు, సాంకేతిక రహస్యాలు బయటికి పొక్కనీయకపోవడం గోప్యత. సంస్థ తరఫున తీసుకునే నిర్ణయంలో సొంత లాభమో, బంధువుల లాభమో కలగలిస్తే అది ప్రయోజనాల వైరుధ్యం. ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. రహస్యాలు కాపాడాలన్న షరతు చెల్లుతుంది.

ప్రయోజనాల వైరుధ్యానికి తెలుగునాట పెద్ద ఉదాహరణ హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్. 2008 డిసెంబరు 16న మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను మొత్తం సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని డైరెక్టర్ల బోర్డు తీర్మానించింది. ఆ రెండు కంపెనీలూ ఛైర్మన్ బి. రామలింగరాజు కుటుంబానికి చెందినవి. ఆ బంధుత్వం ఎవరికీ తెలియనిదేమీ కాదు, బోర్డుకు అసలే కాదు. మదుపరులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. ఖాతాల్లోని బొంకు ఆస్తుల స్థానంలో నిజమైనవి చేర్చే చివరి ప్రయత్నమే ఆ కొనుగోలని 2009 జనవరి 7 నాటి లేఖలో రాజే ఒప్పుకున్నారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఖాతాల మోసంలో ఆయనతో సహా పదిమందిని దోషులుగా తేల్చి శిక్ష విధించింది. అప్పీలుపై మే నెలలో సెషన్స్ కోర్టు శిక్ష అమలును నిలిపి బెయిలిచ్చింది.

ఆ లేఖకు ముందే, డిసెంబరులో, లోగుట్టు చెబుతూ ఒక డైరెక్టరుకు ఆకాశరామన్న ఈమెయిలు అందింది. మోసాన్ని దాచడం గోప్యత కిందికి రాదు. 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు ఇలాంటి ఫిర్యాదులకు దారి ఏర్పరచి, ఫిర్యాదుదారుకు రక్షణ కల్పించాలి. 184వ సెక్షన్ ప్రకారం, స్వప్రయోజనమున్న డైరెక్టరు ఆ సంగతి ముందే వెల్లడించి, ఆ చర్చకు దూరంగా ఉండాలి.