కంప్రెసర్ పక్కన ఎవరుంటారు?

మన దేశంలో చప్పుడుకి రెండు కొలతలున్నాయి. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం జనం నివసించే ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెళ్ళు దాటకూడదు. ఫ్యాక్టరీల నియమాలకొస్తే, ఎనిమిది గంటల షిఫ్టులో కార్మికుడి చెవిన 90 డెసిబెళ్ళ దాకా పడొచ్చు. మొదటిది వీధి గాలిలో కొలిచేది, రెండోది మనిషి చెవి దగ్గర కొలిచేది కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చడం పూర్తిగా సబబు కాదు. అయినా ఒకసారి పోల్చి చూడండి. డెసిబెల్ లాగరిథమ్ లెక్క; పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. 55కీ 90కీ మధ్య తేడా దాదాపు మూడు వేల రెట్లు. ఇంట్లో ఉన్న మనిషికీ పనిలో ఉన్న మనిషికీ మధ్య ఇంత దూరం ఎప్పుడు ఏర్పడింది?

నాకీ ప్రశ్న ఒక చిన్న ఎయిర్ కంప్రెసర్ బేరంలో తగిలింది. లింగంపల్లిలో మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఓ మూల పెట్టుకుని కారుకీ సైకిలుకీ గాలి కొట్టుకోవడానికి, పాత చెక్క కుర్చీలకి స్ప్రేతో రంగులేసుకోవడానికి. ఆన్‌లైన్‌లో చూస్తే ప్రతి మూడో డబ్బా మీదా 'సైలెంట్' అని ఉంది. చప్పుడు చేయని కంప్రెసర్ అనేది లేదు. మరి ఈ మాట యంత్రానికి ఎక్కడ అంటుకుందో చూద్దామని వెనక్కి వెళితే, చరిత్ర చాలావరకు మా ఊరి చుట్టుపక్కలే దొరికింది.

గాలిని కుక్కి వదలడం మనకు కొత్త పని కాదు. కొలిమి తిత్తి చేసేది అదే. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు వండేవాళ్ళు. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ వాటికి అలాంటి ఉక్కే ముడిసరుకు. లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820ల మొదట్లో అక్కడికి వెళ్ళి చూసి రాసిన వివరణ, అతను పోయాక 1832లో కలకత్తాలో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు అంత దూరం వచ్చేవారని అందులో ఉంది. మూసల్లో ఇనుము కరిగి ఉక్కవ్వాలంటే గంటల తరబడి గాలి ఆగకూడదు. అంటే తిత్తులు తొక్కేవాళ్ళు మారుతుంటారు గానీ తిత్తి చప్పుడు ఆగదు. తత్వాలు పాడేవాళ్ళు ఒంటిని తోలుతిత్తితో పోల్చడం మనకు తెలుసు. ఆ పోలిక వేదాంతం చదివి పుట్టిందని నేననుకోను. కొలిమి పక్కన కూచున్నవాడికి ఆ తోలు ఊపిరి పీల్చి వదలడం వినబడుతూనే ఉంటుంది కదా. కొలిమి ఉన్నవాడి ఇల్లు కొలిమి దగ్గరే. చప్పుడు చేసేవాడూ వినేవాడూ, దాని మీద బతికేవాడూ ఒకే వాకిట్లో ఉండేవాళ్ళు.

ఆ వాకిలిని విడగొట్టింది ఇంగ్లండు. 1776లో జాన్ విల్కిన్సన్ అనే ఇనుప వ్యాపారి తన కొలిమికి గాలి ఊదడానికి జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం పెట్టించుకున్నాడు. తోలు పోయి ఇనుప సిలిండరూ పిస్టనూ వచ్చాయి. ఇవాళ మనం కొనే చిన్న కంప్రెసర్ లోపలా ఉండేది అవే, సైజు మారిందంతే. ఆ తర్వాత ఫ్రాన్సు, ఇటలీల మధ్య ఆల్ప్స్ కొండని తొలిచి ఫ్రేజుస్ రైలు సొరంగం వేశారు. పని 1857లో మొదలై, 1871లో రైలు నడిచింది. జెర్మేన్ సొమెయ్యే అనే ఇంజినీరు సొరంగం బయట కొండవాగుల నీటిబలంతో గాలిని కుదించి, గొట్టాల్లో లోపలికి పంపించి, దాంతో రాతి డ్రిల్లులు నడిపించాడు. డ్రిల్లు వదిలేసిన గాలే లోపలున్న కూలీలకు పీల్చుకునే గాలి కూడా. ఈ ముక్క చదివినప్పుడు నాకు చాలా నచ్చింది. కంప్రెసర్ చరిత్రలో పనిచేసేవాడి ఒంటిని లెక్కలోకి తీసుకున్న సందర్భాలు ఎక్కువ కనబడవు. ఇది కూడా సగమే అనుకోండి. అతని ఊపిరితిత్తుల్ని పట్టించుకున్నారు, చెవుల్ని వదిలేశారు.

మన దగ్గరకొద్దాం. దక్షిణాదిలో కంప్రెసర్ కథ కోయంబత్తూరు మీదుగా వస్తుంది, అందులో ఇంట్లో తెలుగు మాట్లాడే మనుషులున్నారు. తరాల కిందటే తమిళనాట స్థిరపడిన నాయుళ్ళ కుటుంబాల్లోంచి బస్సులు నడిపినవాళ్ళు, మిల్లులు పెట్టినవాళ్ళు, మోటార్లు చేసినవాళ్ళు వచ్చారు. 1893లో పుట్టిన జి.డి.నాయుడు 1920లో ఒక్క బస్సుతో పొళ్ళాచ్చి, పళని మధ్య మొదలుపెట్టి పెద్ద రవాణా కంపెనీని నిలబెట్టాడు. దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకునేది 1937లో ఆయనా, బాలసుందరం నాయుడూ కలిసి చేసిందే. అదే ఏడాది అదే ఊళ్ళో ఎల్.జి.బాలకృష్ణన్ కుటుంబం కూడా రవాణా వ్యాపారంలో దిగింది. 1960లో ఆ కుటుంబం నుంచే 'ఎల్జీ ఎక్విప్‌మెంట్స్' పుట్టింది. (కొరియా టీవీల వాళ్ళు కాదు. ఇది ఇంటి పెద్దల పొడి అక్షరాల పేరు.) మొదట్లో చేసినవి పిస్టన్ కంప్రెసర్లూ గ్యారేజి సామానూ. బస్సులుంటే టైర్లుంటాయి, టైర్లుంటే గాలి కావాలి, గాలి కావాలంటే గ్యారేజి కావాలి. ఇంత సూటిగా ఒక అవసరం ఇంకో వ్యాపారాన్ని కనడం మన స్టార్టప్ పిచ్‌లలో ఎక్కడా చూడలేదు నేను.

హైదరాబాద్ రోడ్ల పక్కన పంక్చర్ షాపులో కనిపించే యంత్రం ఆ వంశానిదే. పొడుగాటి ట్యాంకు, పైన V ఆకారంలో రెండు సిలిండర్లు, పక్కన బెల్టుతో తిరిగే పెద్ద చక్రం. అది నెమ్మదిగా తిరుగుతుంది, అందుకే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మూత ఉండదు, సిలిండర్లు బయటే ఉంటాయి కాబట్టి వేడి దానంతటదే పోతుంది. చప్పుడు కూడా అలాగే బయటికి పోతుంది. కొనేది షాపు, కూచునేది అందులో పనిచేసే కుర్రాడు. చాలా షాపుల్లో ఆ కుర్రాడు రాత్రి పడుకునేదీ ఆ ట్యాంకు పక్కనే. ఆ డిజైను మార్చమని ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళు లేరు. అడగగలిగినవాడు అక్కడ కూచోడు.

మా లింగంపల్లి సంగతి ఇంకా విచిత్రం. పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. 1960ల మొదట్లో చెకోస్లోవేకియా సాయంతో పెట్టిన ఫ్యాక్టరీ అది. టర్బైన్లతో పాటు ఎరువుల కర్మాగారాలకీ రిఫైనరీలకీ సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లు చేస్తుంది. ఐటీ కారిడార్ రాకముందు ఈ ప్రాంతానికి ఊపిరి పోసింది ఆ టౌన్‌షిప్పే, ఇప్పటికీ బస్సుల మీద ఊరి పేరులాగా కంపెనీ పేరే ఉంటుంది. దేశంలోని పెద్ద కంప్రెసర్లు కొన్ని మా ఇంటి పక్కన పుట్టాయన్నమాట. కానీ అవి ఎక్కడో ప్రహరీ గోడల అవతల, చెవులకు మఫ్‌లు పెట్టుకున్న ఆపరేటర్ల మధ్య తిరుగుతాయి. మాకు వినబడే కంప్రెసర్ వేరే ఉంది. లింగంపల్లి స్టేషన్లో ఎంఎంటీఎస్ ఆగి ఉన్నప్పుడు పెట్టె కింద ఉన్నట్టుండి ఒక దడదడ మొదలై, కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. బ్రేకులకు కావలసిన గాలి ట్యాంకులో తగ్గగానే కంప్రెసర్ లేస్తుంది, నిండగానే పడుకుంటుంది. ఇంట్లో పెట్టుకునే చిన్న యంత్రం పద్ధతీ సరిగ్గా ఇదే.

మరి చప్పుడు తగ్గించాలని మొదట ఎవరు పట్టుబట్టారు? వంటింటివాళ్ళు. ఫ్రిజ్ కూడా కంప్రెసరే, గాలి బదులు శీతలీకరణ వాయువుని కుదిస్తుంది. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు 'మానిటర్ టాప్' అనే ఫ్రిజ్ తెచ్చారు. మోటారునీ పంపునీ కలిపి ఒక ఉక్కు గుల్లలో పెట్టి అతికేశారు. వాయువు కారకూడదన్నది అసలు కారణం, కానీ ఆ గుల్ల చప్పుడుని కూడా మింగేసింది. తర్వాతి తరాల్లో ఆ గుల్ల లోపల యంత్రాన్ని స్ప్రింగుల మీద వేలాడదీశారు, పీల్చే దారిలో మఫ్లర్ పెట్టారు, బయటికెళ్ళే గొట్టాన్ని మెలికలు తిప్పారు, వణుకు గుల్లకు అందకుండా. ఈ పనులన్నీ చేయడానికి ఒకటే కారణం. కొన్న మనిషి రాత్రి దాని పక్క గదిలో పడుకుంటాడు. నచ్చకపోతే పక్కింటివాళ్ళకి చెప్తాడు, వాళ్ళు ఆ ఫ్రిజ్ కొనరు.

ఈ కథ కూడా హైదరాబాద్‌కి వచ్చింది. 1942లో నిజాం ప్రభుత్వ పెట్టుబడితో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ మొదట్లో ఇనుప బీరువాలు, బస్సు బాడీలు చేసి, తర్వాత ఫ్రిజ్‌లతో ఇంటింటి పేరైంది. బాలానగర్‌లో శ్రీరామ్ రిఫ్రిజిరేషన్ వాళ్ళు ఇలాంటి మూసిన కంప్రెసర్లు చేసేవారు. 1990ల చివర్లో ఆ ఫ్యాక్టరీ అమెరికా కంపెనీ టెకుమ్సే చేతికి వెళ్ళింది. అంటే రామచంద్రాపురంలో కొండంత కంప్రెసర్, అక్కణ్ణుంచి ఇరవై కిలోమీటర్ల లోపే బాలానగర్‌లో గుసగుసలాడే కంప్రెసర్. ఆ గుల్లల్ని ప్రెస్సుల మీద ఉక్కు రేకుని కొట్టి చేస్తారు. ప్రెస్ షాపులో ఎప్పుడైనా నిలబడ్డవాళ్ళకి, మన వంటింటి నిశ్శబ్దం ఎలాంటి చోట తయారవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 'సైలెంట్' పేరుతో అమ్మే ఇంటి కంప్రెసర్ వంటింటి నుంచి నేరుగా రాలేదు, పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వచ్చింది. 1957లో బోర్డెన్ ఎయిరోటర్ వచ్చాక పళ్ళ డ్రిల్లు గాలి టర్బైన్ మీద నిమిషానికి మూడు లక్షల సార్లు తిరగడం మొదలైంది. ఆ గాలి రోగి నోట్లోకి వెళుతుంది కాబట్టి నూనె ఆవిరి ఉండకూడదు. క్లినిక్ రెండు గదులదే కాబట్టి, భయపడి కూచున్న రోగికి పక్క గదిలో లారీ షెడ్డు వినబడకూడదు. అలా నూనె లేకుండా, టెఫ్లాన్ రింగుల మీద జారే పిస్టన్లతో, నింపాదిగా తిరిగే చిన్న కంప్రెసర్లు స్థిరపడ్డాయి. ఇక్కడ కూడా చప్పుడు తగ్గింది డబ్బు చెల్లించే మనిషి పక్క గదిలో ఉన్నందుకే.

కాబట్టి కొనబోయేవాళ్ళు చూడాల్సింది ఏ వంశపు యంత్రాన్ని ఇంటికి తెస్తున్నామని. మన కరెంటు 50 హెర్ట్జ్. రెండు పోళ్ళ మోటారు నిమిషానికి 2,800 పైన తిరుగుతుంది, నాలుగు పోళ్ళది 1,400 చుట్టూ. చవగ్గా దొరికే డైరెక్ట్ డ్రైవ్ యంత్రాల్లో చాలావాటికి ఉండేది మొదటి రకం. చెవికి తేడా తెలిసేది మొదట ఇక్కడే, అందుకని డెసిబెళ్ళకన్నా ముందు ఆర్‌పీఎం చదవండి. డెసిబెల్ అంకె పక్కన ఎంత దూరంలో కొలిచారో రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు. ఆరుబయట దూరం రెట్టింపైతే ఆరు డెసిబెళ్ళు తగ్గుతాయి. మీటరు దగ్గర కొలవాల్సింది నాలుగు మీటర్ల దగ్గర కొలిచి రాస్తే పన్నెండు డెసిబెళ్ళు ఊరికే మాయం. పైగా మన పార్కింగ్‌లో నేలా పైకప్పూ కాంక్రీటే, చప్పుడు ఎటూ పోదు. గాలి లెక్కలోనూ ఇదే మాయ ఉంది. సీఎఫ్ఎం అని పెద్దక్షరాల్లో వేసేది తరచుగా పిస్టన్ కదిలే జాగా లెక్క, నిజంగా బయటికొచ్చే గాలి అందులో మూడింట రెండొంతులుంటే గొప్ప. టైర్లకి అది చాలు. స్ప్రే గన్‌కి చాలదు, చాలక మోటారు ఆగకుండా నడుస్తుంది, అప్పుడు ఎంత సైలెంట్ యంత్రమైనా గోలే. పెద్ద ట్యాంకు తీసుకుంటే లేచే సార్లు తగ్గుతాయి. కాళ్ళ కింద మందపాటి రబ్బరు వేయకపోతే వణుకు స్లాబు ఎక్కి మొదటి అంతస్తు పడగ్గదిలో తేలుతుంది. పీల్చే చోట ఫిల్టర్‌కి మఫ్లర్ ఉందా లేదా చూడాలి, పిస్టన్ కంప్రెసర్ గోలలో పెద్ద వాటా అక్కడిదే. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో సొంతంగా చేసుకునేవాళ్ళున్నారు, బొమ్మలకి ఎయిర్‌బ్రష్ వేసుకునేంత సన్నటి గాలొస్తుంది, కారు టైరుకైతే టీ తాగొచ్చేంత సేపు పడుతుంది. దానికి పాత గ్యాస్ సిలిండర్‌ని ట్యాంకుగా తగిలించడం మాత్రం వద్దు. వానాకాలంలో ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి, వాడిన ప్రతిసారీ వదిలెయ్యాలి.

నేను చూసినవాటిలో నా పనికి సరిపోయింది నాలుగు పోళ్ళ మోటారు, జంట పిస్టన్ల నూనెలేని రకం, యాభై లీటర్ల ట్యాంకు. నూనె వేసే బెల్టు యంత్రమంత కాలం నిలవదు, రింగులు అరుగుతాయి. ఆ మాట ప్రకటనలో రాయరు.

ఇంతవరకూ 'ఇంటి గ్యారేజి' అంటూ వచ్చాను గానీ, అమెరికాలోలా షట్టర్ వేసుకునే గది మనలో ఎంతమందికుంది? మనది స్టిల్ట్ పార్కింగ్. అక్కడ కార్ల మధ్య ఒక గది ఉంటుంది, పంపు సెట్టు పక్కనో మెట్ల కిందో. వాచ్‌మన్ కుటుంబం అందులో ఉంటుంది. వాళ్ళ వంటా పిల్లల చదువూ నిద్రా అన్నీ అక్కడే. నేను కంప్రెసర్ పెట్టుకుందామనుకున్న మూల నుంచి మా వాచ్‌మన్ తలుపు ఎనిమిది అడుగులు. మూడో అంతస్తులో మా ఇంటికి చప్పుడు ఎంత వస్తుందో ఫోన్‌లో యాప్ పెట్టి చూసుకోవచ్చు, ఎంతో రాదు కూడా. కొలవాల్సింది ఆ తలుపు దగ్గర. అతను రాత్రంతా గేటు దగ్గర ఉంటాడు, పొద్దున నీళ్ళు వదిలి, కార్లు తుడిచి, పదకొండింటికి పడుకుంటాడు. నాకు వీలయ్యేది శనివారం మధ్యాహ్నం. నియమాల్లో ఆ వేళ పగలు కిందికి వస్తుంది.