చేతులు మారిన కార్లు

మన దేశంలో పాత కార్ల వ్యాపార చరిత్ర సగం కొత్త కార్ల కరువు చరిత్రే. కొత్త బండి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజుల్లో పాత బండికి ఒక విలువ ఉండేది, వీధికో షోరూమ్ వెలిశాక మరో విలువ వచ్చింది. ‘నమ్మకమైన బండి’ అన్న మాటకు అర్థం కూడా దాన్నిబట్టే మారింది. ఊరి మెకానిక్ చేతికి లొంగేదే మంచి బండి అనుకున్న కాలం ఒకటి ఉంది. రేపు అమ్ముకుంటే పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం తిరిగొచ్చేదే మంచి బండి అన్న కాలం ఆ వెనకే వచ్చింది. కొంచెం డబ్బు కూడబెట్టుకుని బండి వెతుక్కునే కుటుంబాల మీద ఈ మార్పుల ప్రభావం మిగతావాళ్ళకంటే ఎక్కువగా పడింది. కొత్త కారు కొన్నవారి వెనక కంపెనీ వారంటీ ఉంటుంది. పాత కారు కొన్నవారికి చాలాకాలం పాటు అమ్మినవాడి మాట తప్ప మరో ఆధారం లేదు.

స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ జరిగింది దాదాపుగా బిగింపు పనే. ఫోర్డు 1926లో, జనరల్ మోటార్స్ 1928లో దేశంలోకి వచ్చి, ఓడల్లో దిగుమతైన భాగాలను బిగించి అమ్మాయి. కొనేవారు సంస్థానాధీశులు, జమీందార్లు, పేరున్న వకీళ్ళు, డాక్టర్లు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని జీపులు, లారీలు ప్రభుత్వ అమ్మకాల ద్వారా బయటికొచ్చాయి. ‘మిలిటరీ డిస్పోజల్స్’ అన్న మాట జనం నోళ్ళలో పడింది అప్పుడే. ఆ బండి ఏ దారుల్లో ఎంత నడిచిందో కొనేవాడికి తెలిసే వీలు లేదు. ఇంజన్ అందుకుంటే చాలుననుకుని కొనుక్కోవడమే.

కరువు అసలు రూపం 1950ల్లో బయటపడింది. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో, వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో, మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ 1948లో పుట్టాయి. సొంతంగా తయారుచేసే పథకం లేని కంపెనీలు ఉండనక్కర్లేదని 1953లో టారిఫ్ కమిషన్ తేల్చాక ఫోర్డు, జనరల్ మోటార్స్ తప్పుకున్నాయి. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ అనే మూడు పేర్లే చాలా ఏళ్ళపాటు భారతీయుల కార్లు అయ్యాయి. ఎన్ని కార్లు తయారు చేయాలో లైసెన్సు చెప్పేది. ఎవరికి ఎలా అమ్మాలో 1959 నాటి పంపిణీ ఉత్తర్వు చెప్పేది. 1969లో ధర మీద కూడా అదుపు వచ్చింది, ఆ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

దీని ఫలితం విచిత్రంగా ఉండేది. ఫియట్‌కు పేరు రాయించుకున్నవారు ఏళ్ళ తరబడి వంతు కోసం చూసేవారు. ఆ వంతు ముందుగా వచ్చినవాడు తన బండిని ఏడాదో రెండేళ్ళో వాడుకుని, కంపెనీ చెప్పిన కొత్త ధరకంటే ఎక్కువకే అమ్ముకోగలిగేవాడు. పాతబడే కొద్దీ విలువ తరిగిపోవాల్సిన వస్తువు ఇక్కడ పెరిగింది. నాలుగు డబ్బులున్నవాడు కూడా వేచి ఉండలేక పాతదే కొనేవాడు కాబట్టి, చిన్న ఉద్యోగి చేతికి బండి వచ్చేసరికి అది మూడు నాలుగు చేతులు మారి ఉండేది. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటికి వచ్చిన కారు ఆ ఇంటి పెద్దకొడుకు కంటే వయసులో పెద్దదైనా ఆశ్చర్యం లేదు.

అలాంటి బండిని ఎలా చూసి కొన్నారన్నది ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. అంబాసిడర్ మూలం ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్, ఫియట్ మూలం ఇటలీలోని ఫియట్ 1100. రెండింటి యంత్రాలూ సాదాసీదావి: 1489 సీసీ ఒకటి, 1089 సీసీ ఒకటి. కార్బురేటర్, పాయింట్లు, కాయిల్, ఫ్యాన్ బెల్టు అన్నీ బానెట్ ఎత్తితే కళ్ళెదుటే ఉండేవి. అందుకే పాత బండి కొనడానికి వెళ్ళేవారు బంధువుని కాదు, మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆయన చూసే చూపుకు ఒక క్రమం ఉండేది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, లోపలి నుంచి పొగ తన్నుకొస్తోందా అని చూడటం మొదటిది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే రింగులు అరిగి ఆయిల్ మండుతోందని, నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోందని గుర్తు. ‘బోరుకి వచ్చింది’ అన్న ఒక్క మాటతో బేరంలో ధర దిగిపోయేది. సిలిండర్లను కోరి పెద్ద పిస్టన్లు వేయించడం అప్పట్లో మామూలు పని. అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన ఇరవై, నలభై, అరవై సైజుల్లో పిస్టన్లు దొరికేవి. అప్పటికే అరవైకి వెళ్ళిన బ్లాకుకు ఇక కోరడానికి ఇనుము పెద్దగా మిగలదు. కాబట్టి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న ప్రశ్నకంటే ఎన్నో బోరులో ఉందన్న ప్రశ్నకు విలువెక్కువ. నిజానికి ఆనాటి మీటరును నమ్మే అవసరమే లేదు. అయిదంకెల మీటరు లక్షకు చేరగానే మళ్ళీ సున్నాలకు వచ్చేది, కేబుల్ ఊడదీస్తే తిరగడమే మానేసేది.

ఆ తరువాత కింద పడుకుని ఫ్లోరు తుప్పు, ముందు చక్రాలు ఊపి కింగ్‌పిన్నుల వదులు, వెనక కమానుకట్టల విరుపులు చూసేవారు. విడిభాగాలకు మద్రాసు పుదుపేట, సికింద్రాబాదు రాణిగంజ్, విజయవాడ జవహర్ ఆటోనగర్ దిక్కు. ఒక బండి నమ్మదగిందా కాదా అన్నది దాని లోపల ఏముందన్న దానికంటే ఇలాంటి బజారు ఎంత దూరంలో ఉందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడేది. విదేశీ దౌత్యవేత్తలు వాడిన దిగుమతి కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది. చూడటానికి ఎంత బాగున్నా, ఒక్క గాజు పగిలితే మరొకటి దొరకని బండ్లు అవి. సామాన్యుడు వాటికి దూరంగా ఉండటమే మంచిదైంది.

1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతీ 800 తాళాలు అందాయి. దాదాపు 50 వేల రూపాయల ధర, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, ముందు చక్రాలకు శక్తి. అంబాసిడర్ మీద చేయి తిరిగిన మెకానిక్‌కి ఇది కొత్త విద్య. మొదట్లో దీనికి కూడా వంతు పద్ధతే, దీని మీద కూడా ప్రీమియమే. కానీ ఏటేటా తయారీ పెరిగి, కరువు తీరుతూ వచ్చింది. 1990ల్లో ఆ బండ్లు రెండో చేతికి రావడం మొదలయ్యాక పాత కారు అంటే భయం కొంత తగ్గింది. బోరు మాట దాదాపు వినిపించకుండా పోయింది. ఏ ఊళ్ళో ఆగినా బాగుచేసేవాడు ఉన్నాడు, విడిభాగాలు చవక, అమ్ముదామంటే మర్నాటికి కొనేవాడు వస్తాడు. ‘మారుతీకి రీసేల్ ఉంది’ అన్న మాట తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో ఒక లెక్కగా నిలబడిపోయింది. ఆ లెక్క తప్పు కాదు. వేలమంది వాడి చూసిన అనుభవం ఒక ధర రూపంలో కనిపించడమే రీసేల్.

ఈ లెక్కను పట్టించుకోనివారు నష్టపోయిన సందర్భాలు ఆ వెంటనే వచ్చాయి. 1993లో కార్ల తయారీకి లైసెన్సు తొలగించాక విదేశీ కంపెనీలు వరుసకట్టాయి. 1995లో వచ్చిన దేవూ సీలో చూపుకు పెద్దింటి బండి. కొరియాలో దేవూ సంస్థ 1999లో కుప్పకూలింది, కొన్నేళ్ళకే ఇక్కడి తయారీ ఆగిపోయింది. ప్రీమియర్ కంపెనీ కల్యాణ్‌లో చేసిన ప్యూజో 309దీ అదే కథ. తరువాతి కాలంలో షెవ్రోలే 2017లో అమ్మకాలు ఆపింది, ఫోర్డు 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. తయారుచేసినవాడు వెళ్ళిపోయిన బండి ధర ఒక్కసారిగా పడిపోతుంది. తక్కువ డబ్బుకు పెద్ద కారు వస్తోందన్న ఆశ సరిగ్గా అక్కడే పుడుతుంది. బండి చెడ్డది కాకపోవచ్చు, కానీ ఒక సెన్సారు కోసం నెల రోజులు ఎదురుచూసే ఓపికా ఖర్చూ ఆ చవక ధరలో కలిసి ఉంటాయి.

తెలుగు పట్టణాల్లో ఈ వ్యాపారం ‘ఆటో కన్సల్టెన్సీ’ అన్న బోర్డు కింద స్థిరపడింది. బండి యజమాని తన కారును అక్కడ పెట్టి వెళ్తాడు, కన్సల్టెన్సీ కమీషన్ తీసుకుని అమ్మిపెడుతుంది. లేదా తానే కొని లాభానికి అమ్ముతుంది. ఈ బజారుకు తనదైన భాష వచ్చింది: సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్, డాక్టర్ గారు వాడిన బండి. నంబరు పలక కూడా ఒక చరిత్ర పుటలా ఉపయోగపడింది. 1989 జూలైకి ముందు రిజిస్టరైన బండికి మూడక్షరాల వరుస, ఆ తరువాత ఏపీ అక్షరాల పక్కన జిల్లా అంకె వచ్చాయి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్, 2024 నుంచి టీజీ వచ్చాయి. అలవాటైన కన్ను పలక చూసి బండి వయసునూ పుట్టిన ఊరినీ చాలాసార్లు చెప్పేస్తుంది.

పలక చెప్పనిది చాలా ఉంటుంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఎకర్‌లాఫ్ 1970లో రాసిన ఒక వ్యాసానికి పాత కార్ల బజారే ఉదాహరణ. బండి లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు ప్రతి బండికీ లోపం ఉంటుందన్న అనుమానంతోనే ధర చెబుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెడ్డ బండ్లే బజారులో మిగులుతాయి. ఈ ఆలోచన ఆయనకు 2001లో నోబెల్ బహుమతిలో వాటా తెచ్చింది. కన్సల్టెన్సీ గడప తొక్కిన ప్రతి కుటుంబానికీ ఈ సూత్రం అనుభవంలో ఉన్నదే.

లోపం దాచే పద్ధతులు కాలంతో పాటు మారాయి. కేబుల్ ఊడదీయడం పోయి, డిజిటల్ మీటర్ల అంకెలను కంప్యూటరుతో మార్చడం వచ్చింది. స్టీరింగు నునుపు, పెడళ్ళ రబ్బరు అరుగుదల, డ్రైవరు సీటు కుంగుదల మీటరు కంటే నిజం చెబుతాయి. గుద్దుకున్న బండికి టింకరింగ్, పెయింటింగ్ చేస్తే కొత్తదిలా కనిపిస్తుంది. తలుపుల సందులు రెండువైపులా సమానంగా లేకపోవడం, బానెట్ బోల్టుల మీద స్పానర్ గీతలు దాన్ని పట్టిస్తాయి. అన్నిటికంటే ప్రమాదకరమైనవి వరద నీళ్ళలో మునిగిన బండ్లు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు లెక్కలేనన్ని కార్లు రోజుల తరబడి నీళ్ళలో నిలబడ్డాయి. బీమా కంపెనీ పూర్తి నష్టంగా లెక్కగట్టి వదిలించుకున్న బండి కూడా శుభ్రపడి మళ్ళీ బజారులోకి రాగలదు. కొన్ని నెలలకు వైర్లు తుప్పుపట్టి ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే మట్టి మరక, కార్పెట్ ఎత్తితే వండు, సీటు పట్టాల కింద తుప్పు, తలుపులన్నీ మూసి కాసేపు కూర్చుంటే ముక్కిన వాసన తెలుస్తాయి. బండి ఏ ఊరిదో, ఆ ఊళ్ళో వరద ఎప్పుడు వచ్చిందో సరిచూసుకోవడం ఇవాళ మెకానిక్ పరీక్షంత ముఖ్యం.

నమ్మకాన్ని సరుకుగా అమ్మే పని 2001లో మారుతీ ‘ట్రూ వాల్యూ’తో మొదలైంది. తరువాత ఇతర కంపెనీలు, 2015 నుంచి కార్స్24, స్పిన్నీ లాంటి ఇంటర్నెట్ సంస్థలు అదే దారి పట్టాయి. వాళ్ళు తనిఖీ చేసిన జాబితా, కొద్ది నెలల వారంటీ ఇస్తారు, దానికి తగ్గ ధర తీసుకుంటారు. ఇది మేలైన మార్పే. అయితే ఈ సంస్థలు ఎక్కువగా వయసు తక్కువ బండ్ల వైపే మొగ్గుతాయి. లక్ష, లక్షన్నరకు దొరికే పదేళ్ళు దాటిన బండి కావాలంటే ఇప్పటికీ కన్సల్టెన్సీయో, తెలిసినవారో దిక్కు. అక్కడ ఈనాటికీ మెకానిక్ చూపే వారంటీ.

మరో ప్రవాహం ఢిల్లీ నుంచి వచ్చింది. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. అక్కడ విలువ పోయిన బండ్లు ఇతర రాష్ట్రాలకు తరలాయి. ఆ చవక ధరలో ఇక్కడి లైఫ్ టాక్స్ కలిసి ఉండదు. ఆ రాష్ట్రపు నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) లేకుండా ఇక్కడ కొత్త నంబరు రాదు. ఫైనాన్స్ బకాయి ఉంటే ఆర్‌సీలో (సి-బుక్కులో) హైపోథికేషన్, అంటే అప్పిచ్చిన సంస్థ హక్కు, అలాగే ఉంటుంది.

కాగితాల విషయంలో చట్టం మెల్లగా గట్టిపడింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం స్థానంలో 1988 చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా సంతకం చేసిన ఫారాలు చేతికిచ్చి, పేరు మార్పించకుండా బండి అప్పగించే అలవాటు పోలేదు. బండి నలుగురి చేతులు మారినా ఆర్‌సీలో మొదటివాడి పేరే ఉండేది. నవీన్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ అలవాటు బరువెంతో తేల్చి చెప్పింది. ఆ కారు వరసగా చేతులు మారింది, పేరు మాత్రం మారలేదు. ప్రమాదం జరిగాక పరిహారం కట్టాల్సింది రికార్డులో పేరున్న యజమానే అని తీర్పు వచ్చింది. పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలన్న నిబంధనలు 2022 చివర్లో వెలువడి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

అమ్మినవారు ఒకే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో బదిలీ సంగతి రవాణా శాఖకు తెలపాలి. తాళాలు చేతులు మారిన రోజే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పూర్తిచేసి, బీమా పేరు కూడా మార్పించండి.